గూటి లోపలికి వెళ్ళే మందు: కోల్‌కతా చీమలు, జెల్ ఎర

జూన్ రెండో వారంలో తొలి వానలు పడగానే ఉత్తర కోల్‌కతా పాత ఇళ్ళ గోడల్లో కదలిక మొదలవుతుంది. సున్నం, సుర్కీ కలిపి కట్టిన గోడలవి. వందేళ్ళ పగుళ్ళు, ఊడిన పెచ్చులు, ఆ మీద ఎప్పుడో తాపడం చేసిన కరెంటు గొట్టాలు. నేల నీటితో నిండిపోతుంటే చీమలు గుడ్లనూ పిల్లలనూ నోట కరచుకుని పైకి వస్తాయి. ఇంకో వారం తిరిగేసరికి వంటింటి గట్టు మీదా, మిఠాయి దుకాణం అద్దాల అరలో సందేశ్ పళ్ళెం అంచునా సన్నటి నల్లదారం లాంటి బారు కనిపిస్తుంది.

దుకాణందారు చేతికి మొదట దొరికేది స్ప్రే డబ్బా. కొడతాడు. బారు క్షణాల్లో మాయమవుతుంది. మూడు నాలుగు రోజుల తర్వాత అదే గోడ మీద రెండు చోట్ల రెండు బారులు! ఇది కోల్‌కతాకు మాత్రమే తెలిసిన అనుభవం కాదు, విజయవాడలోనో వరంగల్‌లోనో అపార్టుమెంటు వంటగదిలోనూ ఇంతే. కనిపించిన చీమలన్నీ చచ్చినా చీమలు ఎందుకు పెరిగాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే, స్ప్రేకి బదులు గోడ మూల ఒక చిన్న జిగురు చుక్క పెట్టడం వెనుక ఉన్న శాస్త్రం అర్థమవుతుంది.

చనిపోయినవి బయట తిరిగేవి మాత్రమే. ఒక గూట్లో ఏ సమయంలో చూసినా ఆహారం కోసం బయటికి వచ్చేవి కొద్ది భాగమే, అవీ ఎక్కువగా వయసు మీరిన శ్రామిక చీమలు. రాణులు, లార్వాలు, వాటిని సాకే దాదులు గోడ లోపలే ఉంటాయి. స్ప్రే అక్కడికి చేరదు. పైగా ఇళ్ళలో వాడే స్ప్రేల్లో సాధారణంగా ఉండే పైరెత్రాయిడ్ రసాయనాల పొడ చీమలకు గిట్టదు. మందు తడిసిన దారిని అవి తప్పుకుపోతాయి. కొన్ని జాతులు ఇంకో అడుగు ముందుకు వేస్తాయి. గూటికి ప్రమాదం వచ్చిందనిపిస్తే ఒక్కో రాణి వెంట కొన్ని శ్రామిక చీమలు, కాసిని లార్వాలు చేరి విడివిడిగా కొత్త గూళ్ళు పెట్టుకుంటాయి. ఒక కాపురం నాలుగు కాపురాలవుతుంది. అరటి పిలకల్లా పుట్టుకొచ్చే ఈ తీరు ఫారో చీమలో బాగా ప్రసిద్ధం.

ఇంట్లోకి వచ్చేవి ఎవరు?

మన దేశంలో చీమల జాతులు, ఉపజాతులు కలిపి 828 ఉన్నాయని 2016లో వెలువడిన జాబితా లెక్క తేల్చింది. వాటిలో ఇళ్ళలో బాధపెట్టేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వేగంగా, దిక్కూదారీ లేనట్టు అటూ ఇటూ పరిగెత్తే పొడుగు కాళ్ళ నల్ల చీమను బెంగాలీలు సుడ్‌సుడి పింప్‌డే అంటారు. సుడ్‌సుడి అంటే చక్కిలిగింత. కుట్టదు, ఒంటి మీద పాకితే గిలి పెడుతుందంతే. శాస్త్ర నామం పారాట్రెకినా లాంగికార్నిస్. తల నల్లగా, మిగతా ఒళ్ళు పాలిపోయినట్టు ఉండి, తెల్ల గోడ మీద తల ఒక్కటే నడిచిపోతున్నట్టు కనిపించేది టాపినోమా మెలనోసెఫలం. దీన్ని దెయ్యపు చీమ అంటారు. పసుపు ఎరుపు కలిసిన రంగులో 2 మిల్లీమీటర్లుండే ఫారో చీమకు మోనోమోరియం ఫారోనిస్ అని పేరు పెట్టింది లినేయస్, 1758లో. మన పల్లెల్లో చలిచీమలని ఒకే మాటతో పిలిచే చిట్టి చీమల్లో ఇలాంటి వేర్వేరు జాతులు కలిసిపోయి ఉంటాయి. మందు పని చేయాలంటే మాత్రం ఆ తేడా తెలిసి తీరాలి.

మరో జాతి కథ తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది. తీగల మీది రబ్బరు తొడుగునూ, బట్టనూ కొరికి పాడు చేసే ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్‌ను మొదట వర్ణించినవాడు థామస్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ కొంతకాలం నెల్లూరులో ఉన్నాడు. దక్షిణ భారతదేశపు చీమల మీద 1851లో ఒక జాబితా ప్రచురించాడు. దీనికి డిస్ట్రక్టర్ అన్న పేరు పెట్టింది అందులోనే. కడప ప్రాంతపు కలివికోడిని శాస్త్ర ప్రపంచానికి చూపిందీ, ఇంగ్లీషులో ఆ పక్షి పేరులో ఉన్నదీ ఈ జెర్డనే. పక్షుల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1862-64 మధ్య కోల్‌కతాలోనే అచ్చయింది. కలివికోడి కంటపడటమే అరుదైపోయింది, ఆయన చీమ మాత్రం ప్రపంచంలోని వెచ్చని ఓడరేవులన్నిటికీ పాకింది. ఆస్ట్రేలియాలో కేబుళ్ళు కొరికి నష్టం తెచ్చిందని అక్కడి శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

నీళ్ళ గిన్నె నుంచి సుద్దముక్క దాకా

చీమలతో ఈ పోరు పాతదే. బెంగాల్లోనూ మన వైపూ జాలీ బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. చీమ ఈదలేదు కనుక బీరువాలోని పాలూ బెల్లమూ క్షేమం. ఎవరికీ హాని లేని ఉపాయమది, ఇప్పటికీ పనిచేస్తుంది. తర్వాత వచ్చింది తెల్లటి గమాక్సిన్ పొడి. గడపల వెంట, బియ్యం బస్తాల చుట్టూ చల్లేవారు. అందులో ఉండే బీహెచ్‌సీ ఏళ్ళ తరబడి నశించదు, ఒంట్లో కొవ్వులో పేరుకుంటుంది. మన దేశం దాన్ని 1997లో నిషేధించింది. అప్పటికే సుద్దముక్క రూపంలో పైరెత్రాయిడ్లు ఇళ్ళలోకి వచ్చేశాయి. గీత గీస్తే చీమ దాటదు. కానీ దాటకపోవడం వేరు, గూడు పోవడం వేరు. పైగా సుద్దముక్క పసిపిల్లలకు బలపంలా కనిపిస్తుంది. ఇంట్లో వాడే మందుకు అంతకన్నా చెడ్డ ఆకారం ఊహించడం కష్టం.

ఎర ఆలోచన వీటన్నిటికీ భిన్నం. చీమను అడ్డుకోవడం, తరమడం కాదు, దాన్నే కూలీగా పెట్టుకుని మందును లోపలికి మోయించడం.

ఊరుమ్మడి కడుపు

చీమకు రెండు పొట్టలు. ముందున్న సంచిలో తాను తాగిన ద్రవాన్ని జీర్ణం చేసుకోకుండా దాచుకుంటుంది. దాని వెనక ఒక సన్నటి కవాటం. తన ఆకలికి కావలసినంత మాత్రమే ఆ కవాటం గుండా అసలు పొట్టలోకి దిగుతుంది. మిగిలినదంతా గూటికి చేరాక నోటితో నోటికి ఇతర చీమలకు అందిస్తుంది. దీనికి ట్రోఫలాక్సిస్ అని పేరు. శాస్త్రవేత్తలు ఆ ముందు సంచిని సామాజిక ఉదరం అంటారు. ఊరుమ్మడి కడుపు అన్నా సరిపోతుంది.

ఇది ఎంత వేగంగా సాగుతుందో 1957లో ఎడ్వర్డ్ విల్సన్, థామస్ ఐస్నర్ కొలిచారు. తేనెలో రేడియోధార్మిక అయొడిన్ కలిపి కొద్ది చీమలకు తాగించి, తర్వాత గూట్లోని మిగతా చీమల్లో ఆ జాడ వెతికారు. కొన్ని జాతుల్లో ఒకరు తాగింది త్వరగానే గూడంతా పాకింది. గింజలు ఏరుకునే జాతుల్లో దాదాపు పంపకమే జరగలేదు. జెల్ ఎర ఎవరి మీద పని చేస్తుంది, ఎవరి మీద చేయదు అన్నదానికి మొదటి సూచన అక్కడే ఉంది. రాణి బయటికి రాదు, తన తిండి తాను తెచ్చుకోదు. నలుగురి నోళ్ళు మారి వచ్చిన ద్రవమే ఆమె భోజనం.

2016లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఏడ్రియా లెబూఫ్ బృందం ఈ ద్రవాన్ని విశ్లేషిస్తే చక్కెర, ప్రొటీన్లతో పాటు ఎదుగుదలను నియంత్రించే జువెనైల్ హార్మోను కూడా కనిపించింది. అంటే చీమలు పంచుకునేది తిండి ఒక్కటే కాదు. గూడంతటికీ ఒకే రక్తప్రసరణ ఉన్నట్టు, ఆ చుక్కల్లో సమాచారమూ ప్రవహిస్తోంది. ఇది తెలియకముందే ఆ హార్మోనుకు నకలైన మెథోప్రీన్‌ను ఫారో చీమల ఎరల్లో వాడేవారు. అది వెంటనే చంపదు. రాణి గుడ్లు పెట్టే శక్తి కోల్పోతుంది, లార్వాలు పెద్దవి కావు, గూడు వారాల తరబడి ముసలిదై ఖాళీ అవుతుంది.

చావు ఆలస్యం కావాలి

ఎరలో కలిపే మందుకు కావలసిన మొదటి గుణం వింతగా తోస్తుంది. అది త్వరగా పని చేయకూడదు. ఎర తిన్న చీమ గూటికి చేరకముందే దారిలో పడిపోతే కథ అక్కడితో సరి. అమెరికాలో నిప్పు చీమల మీద పనిచేసిన పరిశోధకులు 1964లో దీనికి ఒక కొలత పెట్టారు. మొదటి 24 గంటల్లో చచ్చేవి 15 శాతం కన్నా తక్కువ ఉండాలి, పరీక్ష ముగిసేసరికి 89 శాతం దాటాలి. ఈ గీటురాయి మీద వందల రసాయనాలు రుద్దితే నిలిచినవి కొన్నే.

రెండో చిక్కు లెక్కల్లో ఉంది. ఒక చీమ తెచ్చిన ద్రవాన్ని పది చీమలకు పంచిందనుకుందాం. ఆ పదీ తలా పదింటికి పంచాయి. రెండో అంచెకు చేరేసరికి మోతాదు నూరో వంతు. కాబట్టి మందు చిక్కగా ఉన్నప్పుడు తొలి చీమను తొందరగా చంపకూడదు, పలచబడ్డాక కూడా చివరి చీమ మీద పని చేయాలి. కారం వేస్తే నోరు మండకూడదు, చిటికెడైనా కూరకు రుచి తగలాలన్నట్టు. ఇదంత తేలిక కాదు. మొదట్లో ఈ రెండు షరతులకూ నిలిచిన మందు మిరెక్స్. 1960ల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల మీద విమానాలతో చల్లారు. తర్వాత అది నేలలో, చేపల్లో, మనుషుల ఒంట్లో తేలింది. 1970ల చివరికి అక్కడ దాన్ని ఆపేశారు. ప్రపంచం వదిలించుకోవాలని స్టాక్‌హోమ్ ఒప్పందం మొదట ఎంచిన 12 కాలుష్య రసాయనాల్లో మిరెక్స్ ఒకటి.

ఇప్పటి జెల్ ఎరల్లో వాడేవి వేరు, పని తీరూ వేరు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ నాడుల మీద దాడి చేస్తాయి, అందుకే వాటిని చాలా స్వల్పంగా కలుపుతారు. హైడ్రామిథైల్‌నాన్ కణాల్లో శక్తి పుట్టే చోట గండి కొడుతుంది, చీమ మెల్లగా నీరసించి పోతుంది. ఇండోక్సాకార్బ్ ఇంకా తెలివైనది. అది మామూలుగా అంత విషం కాదు. పురుగు ఒంట్లోని ఎంజైములే దాన్ని విరిచి విషంగా మారుస్తాయి. ఆలస్యం ఆ రసాయన నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

అన్నిటికన్నా పాతదీ చవకదీ బోరిక్ ఆమ్లం. కోల్‌కతా పాడాల్లో క్లబ్బు కుర్రాళ్ళు క్యారమ్ బోర్డు మీద జల్లే తెల్ల పొడి చాలాసార్లు ఇదే. దీన్ని చక్కెరలో కలిపి పెట్టే చిట్కా ప్రతి ఇంటికీ తెలుసు, చాలా ఇళ్ళలో అది పనిచేయకపోవడమూ తెలుసు. కారణం మోతాదు. చెంచాడు పొడి వేస్తే చీమ ముట్టదు, ముట్టినా తొందరగా చస్తుంది. 1996లో క్లాట్జ్, సహచరులు ప్రయోగశాలలో 10 శాతం చక్కెర నీళ్ళలో 1 శాతం బోరిక్ ఆమ్లం మాత్రమే కలిపి ఇచ్చారు. దెయ్యపు చీమ, ఫారో చీమ, అర్జెంటీనా చీమ మూడింటి సమూహాలూ కొన్ని వారాల్లో బాగా క్షీణించాయి. మందు ఎక్కువైతే ఫలితం తక్కువవుతుందన్న మాట చాలామందికి మింగుడుపడదు. జెల్ ఎర విఫలమైన చాలా చోట్ల మొదటి తప్పు అక్కడే జరుగుతుంది.

జిగురు వెనుక భౌతికశాస్త్రం

చక్కెర నీళ్ళే చాలైతే జెల్ ఎందుకు? నీరు నిలువు గోడ మీద ఆగదు, బల్ల కింద అతకదు, గిన్నె తన్నితే ఒలుకుతుంది. జెల్ అంటే ద్రవాన్ని వలలో పట్టి ఉంచడమే. పొడవాటి అణువులు ఒకదానితో ఒకటి చిక్కుపడి వల అల్లుతాయి, మధ్య గదుల్లో చక్కెర నీరు. జున్నులో పాలు నిలిచినట్టు. సిరంజితో మిణుగురంత చుక్క పెడితే పగులులో, తలుపు బందు వెనక, సింకు కింద అలాగే అంటుకుని ఉంటుంది. పిల్లల చేతికి, వంట సామానుకి తగలదు. గాలిలోకి ఆవిరై రాదు. స్ప్రే కన్నా జెల్ మేలనడానికి అసలు కారణం ఇదే. చల్లేది గ్రాముల్లో కాదు, చుక్కల్లో.

అయితే చీమ తాగడానికి వచ్చింది, నమలడానికి కాదు. ద్రవం ఎంత చిక్కగా ఉందన్నది, అంటే దాని స్నిగ్ధత, ఇక్కడ కీలకం. 60 శాతం చక్కెర పాకం గది ఉష్ణోగ్రత దగ్గర నీటికన్నా 50 రెట్లకు పైగా చిక్కన. తీపి పెరిగేకొద్దీ ఒక్కో చుక్కలో శక్తి ఎక్కువే, కానీ పీల్చడానికి పట్టే సమయం అంతకన్నా వేగంగా పెరుగుతుంది. చీమ ఈ రెంటి మధ్యా బేరం ఆడుకుంటుంది. డయాకమ్మా అనే చీమల మీద 2023లో హరునా ఫుజియోకా, లెబూఫ్ తదితరులు ప్రచురించిన పని దీన్ని ముచ్చటగా చూపింది. పలచని ద్రవాన్ని ఆ చీమలు తాగుతాయి. చిక్కనైతే తాగడం మానేసి, దవడల మధ్య చుక్కను తలతన్యత సాయంతో పట్టుకుని మోసుకుపోతాయి. తీపి మార్చకుండా చిక్కదనం మాత్రమే మార్చినా ఇదే జరిగింది. అంటే నాలుకతో కాదు, ద్రవం లాగుడుతో అవి నిర్ణయం తీసుకుంటున్నాయి. ఎరను తయారుచేసేవారికి ఇందులో పాఠం ఉంది. దవడల్లో మోసిన చుక్కా, కడుపులో మోసిన చుక్కా గూట్లో ఒకేలా పంపిణీ కావు.

ఈ డయాకమ్మా కోల్‌కతాకు బాగా తెలిసిన ప్రజాతి. నగరానికి కొంత దూరంలో, నదియా జిల్లా మోహన్‌పూర్‌లో ఉన్న ఐసర్ కోల్‌కతాలో సుమనా అన్నగిరి బృందం డయాకమ్మా ఇండికం మీద ఏళ్ళుగా పరిశోధిస్తోంది. ఈ జాతిలో ప్రత్యేకమైన రాణి ఉండదు. శ్రామిక చీమల్లోనే ఒకటి గుడ్లు పెట్టే బాధ్యత తీసుకుంటుంది. గూడు పాడైతే కాపురం మార్చే పద్ధతే వారి ప్రధాన పరిశోధన. కొత్త చోటు తెలిసిన చీమ ముందు నడుస్తుంది, వెనక ఒకే ఒక చీమ మీసాలతో దాని వీపు తడుముతూ వెంట వస్తుంది. ఇలా ఒక్కొక్కరినే చేయి పట్టుకు తీసుకుపోయినట్టు గూడంతా తరలిస్తాయి. ఇది ఇళ్ళను పీడించే చీమ కాదు. అయినా, గూటికి కష్టం వస్తే చీమలు అక్కడే కూర్చుని చావవు, మూటాముల్లె సర్దుకుంటాయి అన్నది స్ప్రే పట్టుకున్న ప్రతి చేతికీ తెలియవలసిన సంగతి.

జెల్‌కు మరో శత్రువు గాలి. ఏసీ గదిలో, ముఖ్యంగా కంప్యూటర్ సర్వర్లు ఉండే గదుల్లో, గాలి పొడిగా ఉండి చుక్క పైన పొర కడుతుంది. పొర కట్టిన చుక్కను చీమ వాసన చూసి వెళ్ళిపోతుంది. కోల్‌కతా ఆగస్టు తేమలో దీనికి ఎదురు సమస్య. చుక్క ఆరదు, బూజు పడుతుంది. ఏ కాలంలోనైనా పెద్ద ముద్ద ఒకటి పెట్టడం కన్నా చిన్న చుక్కలు చాలా చోట్ల పెట్టి, ఎండినవి మార్చడం మేలు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో నీటిని పట్టి ఉంచే పూసలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాస్త్రవేత్తలు 2017లో వివరించారు. చాలా తక్కువ మందుతో చక్కెర నీరు తాగించడం దాని ఉద్దేశం, పని అయ్యాక పూస నేలలో కలిసిపోతుంది. అది తోటల కోసం చేసింది. ఇళ్ళకు ఇంకా సిరంజి జెల్లే ప్రధానం.

తీపా, చేపా?

అన్ని చీమలకూ ఎప్పుడూ తీపే కావాలనుకోవడం పొరపాటు. పెద్ద చీమకు తిరగడానికి చక్కెర కావాలి, ఎదిగే లార్వాకు మాంసకృత్తులు కావాలి. గూట్లో పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో చీమలు రసగుల్లాను వదిలి చేపముల్లు వైపు పోవచ్చు. తిండి చీమల సమాజాన్ని ఎంతగా నిర్ణయిస్తుందో ఈ నగరంలోనే ఒకాయన చాలా ముందుగా గమనించాడు. గోపాల్‌చంద్ర భట్టాచార్య 1921లో జగదీశ్‌చంద్ర బోసు పిలుపుతో బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. పెద్ద డిగ్రీలేవీ లేవు. చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలను, బెంగాలీలు నాల్సో అనే వాటిని, ఏళ్ళ తరబడి కాపు కాసి చూశాడు. లార్వాకు అందే ఆహారంలోని తేడాయే అది రాణి అవుతుందో శ్రామిక చీమ అవుతుందో తేలుస్తుందని చూపుతూ 1943లో ఆ సంస్థ పత్రికలో రాశాడు. బంగ్లార్ కీట్-పతంగ అన్న ఆయన పుస్తకానికి 1975లో రవీంద్ర పురస్కారం దక్కింది. కలకత్తా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది 1981లో, ఆయన కన్నుమూసిన ఏడాది.

అందుకే అనుభవమున్న పురుగు నివారణ సిబ్బంది మొదట మందు పెట్టరు. ఒక అట్టముక్క మీద తేనె చుక్క, ఇంకోదాని మీద ఉడికిన గుడ్డో చేపో చిటికెడు పెట్టి గంట ఆగుతారు. చీమలు దేని చుట్టూ మూగితే ఆ రకం ఎర. సుడ్‌సుడి చీమ దగ్గర ఈ పరీక్ష మరీ అవసరం. అది తీపి జెల్‌ను ఒక రోజు తాగి మర్నాడు ముట్టకపోవచ్చు. గూటికి చాలా దూరం వచ్చి తిరుగుతుంది కాబట్టి గూడు ఎక్కడుందో పట్టుకోవడమూ కష్టం. ఎరలకు లొంగని చీమగా దానికి పేరుంది. (దాని పునరుత్పత్తీ అంత మొండిదే. 2011లో తేలిన ప్రకారం రాణులు తల్లికి నకళ్ళు, మగవి తండ్రికి నకళ్ళు, శ్రామిక చీమలు మాత్రమే ఇద్దరి కలయిక. అన్నాచెల్లెళ్ళు జతకట్టినా ఆ జాతికి నష్టం లేదు. ఒక్క గూడు ఓడెక్కితే చాలు, కొత్త దేశంలో వంశం నిలుస్తుంది.)

ఎర పెట్టిన రోజు బారును తుడవకూడదు. ఫారో చీమలు దారి వెంట వాసన గుర్తులు వేస్తాయి. ఒక దారి రెండుగా చీలే చోట కోణం 50-60 డిగ్రీల మధ్య ఉంటుందనీ, గూడు ఏ వైపో ఆ కోణాన్ని బట్టే చీమ గ్రహిస్తుందనీ షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో చూపారు. తిండి లేని దారి మొదట్లో ప్రవేశం లేదు అనే బోర్డు లాంటి వేరే గుర్తు కూడా వేస్తాయని మరుసటి ఏడాది కనిపెట్టారు. ఫినాయిల్ గుడ్డ ఈ రోడ్ల పటం మొత్తాన్ని చెరిపేస్తుంది. ఎరకు దారి చూపించే గుర్తులూ అందులో పోతాయి. చీమలు పదుల సంఖ్యలో చుక్క చుట్టూ మూగడం చూసి ఇంట్లోవాళ్ళు కంగారుపడి స్ప్రే అందుకుంటారు. ఎర పనిచేస్తోందనడానికి గుర్తే ఆ గుంపు. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఫారో చీమలైతే వారాలు.

ఆసుపత్రిలో లెక్క వేరు

ఇంట్లో చీమ చికాకు. ఆసుపత్రిలో అది వేరే విషయం. 1972లో లాన్సెట్ వైద్య పత్రికలో బీట్సన్ రాసిన వ్యాసం ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పట్టిన ఫారో చీమల ఒంటి మీద సూడోమోనాస్, సాల్మొనెల్లా, స్టెఫైలోకాకస్ వంటి రోగకారక బాక్టీరియాను నివేదించింది. 2 మిల్లీమీటర్ల చీమ సీల్ చేసిన పొట్లాల్లోకి, కట్టు కింద పుండులోకి, సెలైన్ గొట్టం మొదట్లోకి దూరగలదు. అది తిరిగే దారి మురుగు గొట్టం నుంచి రోగి పడక దాకా ఉంటుంది. కదలలేని రోగి, నవజాత శిశువు దాన్ని విదిలించుకోలేరు. వార్డులో స్ప్రే కొడితే ఊపిరి సమస్య ఉన్నవారికి ఆ ఆవిరి ఒక ముప్పు, గూళ్ళు చీలి పై అంతస్తులకు పాకడం ఇంకో ముప్పు. ఆసుపత్రుల్లో ఎరలు స్థిరపడటానికి కారణమిదే. అక్కడ కూడా ఒక్క వార్డులో చుక్కలు పెడితే లాభం లేదు. ఫారో చీమలకు భవనమంతా ఒకే ఊరు. వంటగది నుంచి ఆపరేషన్ థియేటరు దాకా ఒకేసారి, ఒకే పటం మీద పని జరగాలి. అపార్టుమెంట్లకూ ఇదే వర్తిస్తుంది. మూడో అంతస్తువారు ఎర పెట్టి, నాలుగో అంతస్తువారు స్ప్రే కొడితే కింద పని పైన చెడుతుంది.

మిఠాయి దుకాణాల వారికి మరో కోణం ఉంది. ఆహార వ్యాపారాల లైసెన్సు నిబంధనల్లో, 2011 నాటి నాలుగో షెడ్యూలు ప్రకారం, పురుగుల నివారణ తప్పనిసరి. తయారీ గదిలో స్ప్రే తుంపర సందేశ్ మీద పడితే చీమ పడినదానికన్నా అధ్వానం. అయినా జెల్‌ను పళ్ళెం పక్కన పెట్టే వీలు లేదు. తినుబండారం తగలని పగుళ్ళలో, గట్టు కింద, మూత ఉన్న చిన్న పెట్టెల్లో మాత్రమే పెట్టాలి. శీతాకాలంలో కొత్త ఖర్జూర బెల్లం వచ్చిన రోజుల్లో దుకాణమంతా తీపి పరచుకుని ఉంటే ఎర వైపు చూసే చీమే ఉండదు. రాత్రి గట్టు కడిగి, పాకం చుక్కలు తుడిచి, ఎర ఒక్కటే తీపిగా మిగిలేలా చేయడం సగం పని.

ఎరకు ఎదురు తిరిగిన పురుగులు

జెల్ తిరుగులేనిదనుకుంటే బొద్దింక నవ్వుతుంది. 1980ల్లో తీపి ఎరలు బాగా పనిచేశాక, ఫ్లోరిడాలో కొన్ని బొద్దింకలు ఎరను ముట్టకపోవడం జూల్స్ సిల్వర్‌మన్ గమనించాడు. అవి మందును తట్టుకోలేదు, అందులోని గ్లూకోజునే అసహ్యించుకున్నాయి. 2013లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం బృందం కారణం చూపింది. ఆ బొద్దింకల్లో చేదును పసిగట్టే నాడీకణాలు గ్లూకోజుకు కూడా స్పందిస్తున్నాయి. తీపి వాటికి చేదైంది. కొద్ది పదుల ఏళ్ళలో వంటింటి గోడల మధ్య జరిగిన పరిణామమిది.

చీమల తీరు మరోలా ఉంది. బ్యూనస్ ఎయిర్స్‌లో అర్జెంటీనా చీమల మీద జరిపి 2024లో ప్రచురించిన పరిశోధనలో, బోరేటు కలిపిన చక్కెర తాగిన చీమలు కొన్ని గంటల తర్వాత ఆ దారికి రావడం తగ్గించేశాయి. రుచి తేడా పట్టి కాదు. తిన్నాక కలిగిన నష్టాన్ని గూడు ఏదో విధంగా ఆ చోటుతో ముడిపెట్టుకుంది. ఒకే చోట అదే ఎరను మళ్ళీ మళ్ళీ పెట్టడం ఎందుకు నిష్ఫలమవుతుందో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. దీనికి విరుగుడుగా జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు అదే ఏడాది ఒక సరదా ప్రయోగం చేశారు. చక్కెర చుక్కలో కొంచెం కెఫీన్ కలిపారు. చీమలు పరిగెత్తే వేగం పెరగలేదు, దారి తిన్నబడింది. ఎర ఉన్న చోటిని త్వరగా నేర్చుకున్నాయి. 250 పీపీఎమ్ మోతాదు దగ్గర ప్రతి రాకకూ పట్టే సమయం సుమారు 38 శాతం చొప్పున తగ్గింది. గుర్తుపట్టి వెనక్కి తగ్గేలోగా ఎక్కువ ఎర మోయించాలన్నది వారి ఆలోచన.

మందు మందే

చుక్కలో ఉన్నది స్వల్పమే అయినా విషం విషమే. మన దేశంలో 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద నమోదైన ఉత్పత్తినే కొనాలి. డబ్బా మీద నమోదు సంఖ్య, ఏ పురుగుకు వాడాలన్న వివరం, విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. బొద్దింకల జెల్‌ను చీమలకు వాడటం తరచుగా జరిగే పొరపాటు. అందులో మందు మోతాదు చీమకు చాలా ఎక్కువ, తొలి చీమలు దారిలోనే పడిపోతాయి. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకు తీవ్ర విషం కాబట్టి తీపి జెల్‌ను బాల్కనీ కుండీల్లో, పూల మొక్కల దగ్గర పెట్టకూడదు. బోరిక్ ఆమ్లం వంటింటి సరుకులా కనిపించినా పసిపిల్లలు మింగితే ప్రమాదం. చక్కెర డబ్బా పక్కన దానికి చోటు లేదు.

ఇంటి బయట మామిడి చెట్టెక్కే నాల్సోలకు గానీ, పెరట్లో చెదపురుగులను ఏరుకుతినే నల్ల చీమలకు గానీ ఈ చుక్కతో పని లేదు. ముగ్గులో వేసిన బియ్యప్పిండిని మోసుకుపోయేవీ అంతే. గోడ లోపల గూడు పెట్టుకున్న రెండు మూడు జాతులకే ఇది. వాటికి కూడా వానలు మొదలయ్యాక కన్నా ముందే, ఏప్రిల్, మే నెలల్లో పెడితే నయం. అప్పటికి గూళ్ళు చిన్నవి, దాహం ఎక్కువ, తడి ఉన్న ఏ చుక్కనైనా వెతుక్కుంటూ వస్తాయి.